దక్షిణాఫ్రికా సరుకు బహిష్కరణ: దెబ్బ ఎవరికి తగిలింది, ఎవరు లొంగారు?

సుంకేశుల (కర్నూలు), ఆదివారం ఉదయం

అందరికీ నమస్కారం. మా డిగ్రీ కాలేజీ చరిత్ర విభాగం వాళ్లం ఒక సదస్సు పెడుతున్నాం. దక్షిణాఫ్రికా జాత్యహంకార ప్రభుత్వం మీద ప్రపంచమంతా నడిచిన ఆర్థిక బహిష్కరణ ఉద్యమం గురించి నేను మాట్లాడాలి. మండేలా 27 ఏళ్లు జైల్లో ఉన్నాడు, 1990లో బయటికొచ్చాడు, మా పిల్లలకు తెలిసింది అంతే. ఆ నడుమ ఎక్కడెక్కడి జనమో ఆ దేశపు పండు తినం, ఆ దేశానికి అప్పిచ్చే బ్యాంకులో ఖాతా పెట్టం అని ఏళ్ల తరబడి పట్టుబట్టారు. వాళ్ల గురించి పిల్లలకు చెప్పి తీరాలని ఉంది నాకు.

దీనికి మొదటి అడుగు పడింది మన దేశంలోనే. 1946 జూలైలో, ఇంకా స్వాతంత్ర్యం చేతికి రాకముందే, దక్షిణాఫ్రికాతో వ్యాపారాన్ని భారతదేశం నిషేధించింది. అంతకుముందు ఏ దేశమూ ఆ పని చెయ్యలేదు. మన ఎగుమతుల్లో సుమారు 5.5 శాతం అప్పట్లో అక్కడికే పోయేది. ఆసియా వాళ్లు ఫలానా చోటే భూమి కొనాలి, ఫలానా చోటే కాపురం ఉండాలి అని అక్కడి ప్రభుత్వం ఆ ఏడాది చట్టం తెచ్చింది. డర్బన్‌లో మనవాళ్లు నిషేధించిన స్థలంలోనే గుడారాలు వేసుకుని కూర్చున్నారు. దాదాపు 2000 మంది జైలుకు పోయారు. ఇక్కడ వ్యాపారం ఆపింది వాళ్ల కోసమే.

ఈ ఆంక్షలు నిజంగా పనిచేశాయా? పనిచేస్తే ఎక్కడ పనిచేశాయి? సీమ పిల్లలకు ఇది దగ్గరగా అనిపించేట్టు ఎట్లా చెప్పాలి? మీకు తెలిసింది రాయండి.

మాజీ_క్యాషియర్ (కడప)

అమ్మా, చాలా మంచి అంశం. పిల్లలకు ముందు ఒక తెలుగాయన పేరు చెప్పండి. ఇ.ఎస్. రెడ్డి. ఏనుగ శ్రీనివాసులు రెడ్డి గారు. 1924లో గూడూరు దగ్గర పల్లెలో పుట్టి, 1946లో న్యూయార్క్‌కు చదువుకు పోయి, 1949లో ఐక్యరాజ్యసమితి ఉద్యోగంలో చేరారు. 1962 నవంబరులో సర్వప్రతినిధి సభ ఆంక్షలు విధించండని తీర్మానం చేసి, వర్ణవివక్షకు వ్యతిరేకంగా ప్రత్యేక కమిటీ ఒకటి ఏర్పాటు చేసింది. 1963లో పని మొదలుపెట్టిన ఆ కమిటీకి ముఖ్య కార్యదర్శి ఆయనే. కమిటీలో చేరడానికి పాశ్చాత్య దేశాలు ఒక్కటీ ముందుకు రాలేదు. ఇది ఉత్తుత్తి కమిటీ అనుకున్నారంతా. రెడ్డి గారు మాత్రం, వాళ్లు లేకపోవడమే మేలు, అడ్డుకునేవాడు ఉండడు అని పని మొదలుపెట్టారు. ఏ కంపెనీ ఎంత పెట్టుబడి పెట్టింది, ఏ బ్యాంకు ఎంత అప్పిచ్చింది, ఎవరు ఆయుధాలు అమ్మారు, అన్నీ కాగితాల మీదికి ఎక్కించి లండన్, ఆమ్‌స్టర్‌డామ్, న్యూయార్క్ ఉద్యమకారుల చేతుల్లో పెట్టారు. 2020 నవంబరులో కన్నుమూశారు. మన జిల్లాల్లో ఆయన పేరు విన్నవాళ్లే అరుదు. నాకు బాధనిపించే సంగతి అది.

బ్యాంకుల కథ వేరే ఉంది. తీరిగ్గా రాస్తాను.

చీనీతోట (నార్పల)

మేడమ్, సారూ, మీ మాట మీద గౌరవంతోనే ఒకటి అడుగుతా. నేను చీనీ (బత్తాయి) తోట పెట్టుకున్నోన్ని. చెట్టు మీద కాయ ఉండంగానే ధర పడిపోతే ముందు మేము చేసేది కోత ఆపడం. కోత ఆగితే ముందు పని పోయేది ఎవరికి? గంపలు మోసే ఆడోళ్లకు. ఆ వారం వాళ్ల ఇండ్లల్లో ఏం వండుతారో నాకు తెలుసు, కండ్లారా చూస్తాండా. నేనైతే యాడో ఒకచోట అప్పు తెచ్చుకుంటా. వాళ్లకు అప్పు పుట్టదు.

దక్షిణాఫ్రికా నారింజకాయ, ద్రాక్ష యూరపోళ్లు కొనకపోతే తోట యజమాని తెల్లోడు ఏమన్నా పస్తులుంటాడా? తోటలో కోత కోసే నల్లోడికే కదా కూలి పోయేది? ఎవని కోసం బహిష్కరణ అంటాన్నారో వాని కడుపే ముందు కాలుతుంది. దీనికి జవాబు చెప్పకుండా ఆంక్షలు గొప్పవి అంటే నేను ఒప్పుకోను.

సుంకేశుల (కర్నూలు)

చీనీతోట అన్నా, మీరు అడిగిందే అసలు ప్రశ్న. ఆ రోజుల్లో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఇదే మాట అనేది. దక్షిణాఫ్రికా పార్లమెంటులో వర్ణవివక్షను ఏళ్లపాటు ఒంటరిగా ఎదిరించిన హెలెన్ సుజ్మన్ కూడా ఆంక్షలు వద్దనే అంది. ఆమె మంచి మనసుతోనే అంది, అందులో అనుమానం లేదు.

అయితే బహిష్కరణ అనే ఆలోచన బయటివాళ్లు పుట్టించింది కాదన్నా. 1959లో అక్కడి జనమే బంగాళాదుంప తినడం మానేశారు. బెతాల్ అనే ప్రాంతంలో పెద్ద పెద్ద పొలాలు. నల్లవాళ్లు ఎప్పుడూ వెంట పెట్టుకోవాల్సిన గుర్తింపు కాగితం, పాసు, జేబులో లేదని పట్టుకున్నవాళ్లను పోలీసులు ఆ పొలాలకు అప్పగించేవాళ్లు. గోనెసంచికి తలా చేతులూ పట్టేట్టు చిల్లులు పెట్టి అదే బట్టగా వేసుకుని, ఉత్త చేతులతో దుంపలు తవ్వించేవాళ్లు. ఈ సంగతి బయటపడ్డాక నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడే ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ పిలుపిచ్చింది, దుంప ముట్టొద్దని. పేదవాడికి కడుపు నింపేదే ఆ దుంప. అయినా నెలల తరబడి ముట్టలేదు.

అదే ఏడాది ఆ సంస్థ అధ్యక్షుడు ఆల్బర్ట్ లుతులీ ప్రపంచాన్ని మా దేశపు సరుకు కొనొద్దని అడిగాడు. ఆయన తన జనానికి కష్టం రాదని ఎక్కడా చెప్పలేదు. కష్టం తప్పదని ఒప్పుకుని, రక్తపాతం రోజులు తగ్గుతాయంటే ఆ కష్టం భరించడానికి మేం సిద్ధమని చెప్పాడు. కడుపు కాలేవాడే ముందుకొచ్చి కొనొద్దు అని అడిగితే, వద్దులే, నీ మేలు కోసమే కొంటాం అని మనం అనొచ్చా?

పెన్నహోబిలం (అనంతపురం)

నేను ఎం.ఏ. చదువుతున్నాను. అక్కా, లుతులీ అడిగాడు సరే, ఆయన అందరి తరఫునా అడిగాడని ఎట్లా చెప్తాం? పైగా 1990లో ఇరాక్ మీద పెట్టిన ఆంక్షలు చూడండి. పదమూడేళ్లు సాగాయి. సద్దాం గద్దె దిగలేదు, ఆస్పత్రుల్లో మందుల్లేక పిల్లలు నలిగిపోయారు. అక్కడ ఐక్యరాజ్యసమితి సహాయ కార్యక్రమం చూసిన డెనిస్ హాలిడే 1998లో, ఆయన తర్వాత వచ్చిన హాన్స్ ఫన్ స్పోనెక్ 2000లో, ఇది మావల్ల కాదని ఉద్యోగాలే వదిలేశారు. ఇప్పటి జింబాబ్వే, అప్పట్లో తెల్లవాళ్లు ఏలిన రొడీషియా కూడా ఉంది. 1966 నుంచి ఐక్యరాజ్యసమితి ఆంక్షలున్నా దక్షిణాఫ్రికా, పోర్చుగీసు మొజాంబిక్ మీదుగా సరుకు పోతూనే ఉంది. అమెరికా అయితే 1971లో ఏకంగా చట్టం చేసి మరీ రొడీషియా క్రోమ్ ఖనిజం కొంది. ఆంక్షలు అనగానే మంచివి అనలేం.

మాజీ_క్యాషియర్ (కడప)

బాబూ, ఇరాక్ మాట నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం. రెండింటికీ తేడా ఎక్కడుందో చూడు. ఇరాక్ మీద ఆంక్షలు ఐదారు పెద్ద దేశాల గదిలో పుట్టాయి. బాగ్దాద్‌లో బట్టలుతికే మనిషి అడిగినవి కావు. దక్షిణాఫ్రికావి ఆ దేశం లోపలినుంచి అడిగినవి. పెద్ద దేశాలు పాతికేళ్లు అడ్డం పడ్డాయి, జనం వాళ్ల మెడలు వంచి పెట్టించారు. అందరి తరఫునా అడిగారా అన్నావు. 1985 డిసెంబరులో డర్బన్‌లో చాలా కార్మిక సంఘాలు కలిసి కొసాటు అనే సమాఖ్య పెట్టుకున్నాయి. గనుల్లో, ఫ్యాక్టరీల్లో పని పోయేవాళ్ల సంఘమే అది. ఆ మొదటి మహాసభలోనే, విదేశీ పెట్టుబడి మీద ఒత్తిడి తేవాలని తీర్మానం చేశారు. అట్లా బహిరంగంగా అంటే కేసులు పెట్టే చట్టాలున్న దేశంలో అన్నారు!

ప్రొద్దుటూరు_కంసాలి

క్యాషియర్ సార్, నాకు తెలిసింది బంగారం, దాని సంగతి చెప్తా. ఆ దేశానికి ప్రాణమే బంగారం. 1970లో ఒక్క ఏడాదే సుమారు 1000 టన్నులు తవ్వినారు. మిగతా ప్రపంచం అంతా కలిపినా అంత లేదు. అమెరికా 1985లో ఆ దేశపు బంగారు నాణేన్ని, క్రూగర్‌రాండ్‌ను, రానీకుండా ఆపింది. నాణెం మీద బొమ్మ ఉంటుంది కాబట్టి ఆపగలిగినారు. ముద్ద బంగారాన్ని ఎట్లా ఆపుతారు? మూసలో వేసి కరిగించినాక అది ఏ గనిదో దేవుడికి కూడా తెలియదు. పసుపుపచ్చగా తిరుగుతా ఉంటుంది, అంతే. మాకు పెద్దోళ్లు చెప్పేవాళ్లు, బంగారం నియంత్రణ చట్టం ఉన్న రోజుల్లో దుబాయ్ మీదుగా పది తులాల బిస్కెట్లు దొంగతనంగా వచ్చేవని. అందులో ఎంత ఆ గనులదో ఎవరు చెప్పగలరు? మన ప్రభుత్వం 1946లోనే వ్యాపారం ఆపింది నిజమే. మన ఆడబిడ్డల మెడల్లోకి ఆ బంగారం రాలేదని మాత్రం నేను ప్రమాణం చెయ్యలేను. ఇది కూడా సదస్సులో చెప్పండమ్మా. మనం గొప్పగా చేసినాం అని మాత్రమే చెప్పి ఊరుకోవద్దు.

జొన్నగిరి_చేను (తుగ్గలి)

కంసాలి అన్న మాటకు తోడు నాదొకటి. తొలకరి పడితే మా చేలల్లో వజ్రాల కోసం జనం యాడాడినుంచో వస్తారు. అన్నం మూట కట్టుకుని పొద్దున్నే దిగి, వంగిన నడుము ఎత్తకుండా సాయంత్రం దాకా ఎతుకుతారు. పక్కన వజ్రకరూరులో ఉండే రాతిని కింబర్లైట్ అంటారు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ ఊరి పేరే ఆ రాతికి పెట్టినారు. 1880ల్లో ఆ కింబర్లీ గనుల్లో నల్ల కూలీలను చుట్టూ కంచె ఉండే ఆవరణల్లో నెలల తరబడి బంధించి పెట్టేవాళ్లు, రాయి మింగి తీసుకుపోతారేమోనని. పని ఒప్పందం అయిపోయే దాకా బయటికి పోయేదానికి లేదు. తర్వాత బంగారు గనుల్లోనూ కూలీలను ఆవరణల్లోనే ఉంచినారు. 1948లో వర్ణవివక్ష అని పేరు పెట్టి చట్టాలు చేసింది తర్వాత సంగతి, దాని పునాది ఈ కంచెల్లోనే పడింది. మీ పిల్లలకు మా ఊరి రాయి చూపించి ఇక్కడినుంచి మొదలుపెట్టండి మేడమ్. రాళ్లు కావాలంటే నేను తెచ్చిస్తా.

బురుజుపక్కన (నిర్వాహకుడు)

ఇప్పటి దేశాల పేర్లెత్తి తిట్టుకున్న వ్యాఖ్యలు కొన్ని తీసేశాను. వాటికి వేరే చర్చ మొదలుపెట్టుకోండి. ఇక్కడ దక్షిణాఫ్రికా విషయమే సాగనివ్వండి, మంచి సమాచారం వస్తోంది.

రాయచోటి_కువైట్

మా నాయన 1980ల్లో కువైట్‌కు పోయినప్పటి పాస్‌పోర్టు నా దగ్గర ఉంది. ఏయే దేశాలకు చెల్లుతుందో రాసే పేజీలో దక్షిణాఫ్రికా రిపబ్లిక్ తప్ప అని రబ్బరు ముద్ర ఉంది, ఇంకు కొంచెం పాకింది. నాయనకు ఆ దేశం యాడుందో కూడా తెలియదు. ఐనా ఆ బహిష్కరణ ఆయన జేబులో ఉండేది. ఫొటో తీసి పంపిస్తా మేడమ్, వివరాలు కనపడకుండా.

చమురు సంగతి ఎవరూ రాయలేదు. 1973లో అరబ్ దేశాలు దక్షిణాఫ్రికాకు చమురు ఆపేసినాయి. ఇరాన్ షా మాత్రం 1979లో పదవి పోయే దాకా పోస్తానే ఉన్నాడు. ఆ తర్వాత దొంగదారిన ఎక్కువ ధర పెట్టి కొనుక్కోవాల్సి వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో కొంతమంది ఒక చిన్న ఆఫీసు పెట్టుకుని, ఏ ట్యాంకరు ఏ రేవులో నింపుకుంది, ఎన్నాళ్లకు ఖాళీగా తేలింది అని ఓడల కదలికలు లెక్కగట్టి, దొంగతనంగా చమురు పోసిన ఓడల పేర్లు అచ్చు వేసేవాళ్లు. తుపాకీ లేదు, అధికారం లేదు. కాగితాలు, ఓపిక. ఆ దేశం బొగ్గునుంచి చమురు తీసే సాసోల్ ఫ్యాక్టరీల మీద కుప్పలుగా డబ్బు పోయాల్సి వచ్చింది. ఆ ఖర్చంతా ఆంక్షల దెబ్బే కదా?

గుత్తి_లోకో (గుత్తి)

రైల్వేలో రిటైరైనవాణ్ణి, 1974 సమ్మెలో ఉన్నవాణ్ణి. నాకు ఈ కథలో అందరికంటే ఇష్టమైనది అయిర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో ఒక దుకాణం బిల్లు కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి. పేరు మేరీ మానింగ్, వయసు 21. 1984 జూలైలో ఒకామె రెండు గ్రేప్‌ఫ్రూట్లు తెచ్చి కౌంటరు మీద పెట్టింది. మన పంపరపనస జాతి కాయలే. దక్షిణాఫ్రికావి. ఆ సరుకు ముట్టొద్దని యూనియన్ చెప్పింది. నేను వీటికి బిల్లు కొట్టను అంది మేరీ. సస్పెండ్ చేశారు. తోటి పనివాళ్లు పది మంది దాకా ఆమెతో నడిచి బయటికొచ్చారు. మొదట్లో వాళ్లకు వర్ణవివక్ష గురించి పెద్దగా ఏమీ తెలియదు. దక్షిణాఫ్రికానుంచి వచ్చి అక్కడ తలదాచుకుంటున్న నిమ్రోడ్ సెజాకె అనే కార్మిక నాయకుడు వాళ్లతో పాటు దుకాణం ముందు నిలబడి, మా దేశంలో మా బతుకు ఇదీ అని చెప్పాకనే వాళ్లకు పట్టుదల వచ్చింది.

అనుకోండి, సమ్మెలో జీతం ఉండదు. ఇంటద్దె కట్టాలి. వర్షంలో, చలిలో నిలబడాలి. చాలామంది అయిర్లాండ్ వాళ్లే వాళ్లను తిట్టారు. వాళ్లు మాత్రం దాదాపు మూడేళ్లు కదల్లేదు. చివరికి 1987లో అయిర్లాండ్ ప్రభుత్వం దక్షిణాఫ్రికా పండ్లు కూరగాయల దిగుమతిని నిషేధించింది. అదే 1984 చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కో రేవు కార్మికులు నెడ్‌లాయిడ్ కింబర్లీ అనే ఓడలోంచి దక్షిణాఫ్రికా సరుకు దించేది లేదని 11 రోజులు చేతులు కట్టుకున్నారు. ఓడ పేరు చూశారా జొన్నగిరి తమ్ముడూ?

ప్రభుత్వాల తీర్మానాలు బీరువాల్లో ఉంటాయి. సరుకు మాత్రం ఎవరో ఒకరు చేత్తో ఎత్తాలి, ఎవరో ఒకరు బిల్లు కొట్టాలి, ఎవరో ఒకరు బండి నడపాలి. ఆ చెయ్యి ఆగితేనే అది ఆంక్ష. పిల్లలకు ఈ మాట చెప్పండమ్మా.

మాజీ_క్యాషియర్ (కడప)

బ్యాంకుల కథ రాస్తానన్నాను. లోకో సార్ చెప్పింది సరుకు ఎత్తే చెయ్యి, నేను చెప్పేది అప్పిచ్చే చెయ్యి.

బార్‌క్లేస్ బ్యాంకుకు దక్షిణాఫ్రికాలో చాలా పెద్ద వ్యాపారం ఉండేది. బ్రిటన్‌లో విద్యార్థులు ఆ బ్యాంకులో ఖాతా తెరవొద్దని ఏడాదేడాదీ కొత్తగా చేరిన పిల్లలకు కరపత్రాలు పంచేవాళ్లు. పిల్లల ఖాతాల్లో ఏముంటుంది అనిపిస్తుంది. బ్యాంకులో పని చేసినవాడిగా చెప్తున్నా, 18 ఏళ్లప్పుడు తెరిచిన ఖాతాలోనే మనిషి తర్వాత జీతం, ఇంటి అప్పు, పెళ్లి ఖర్చు అన్నీ నడుపుతాడు. ఆ పిల్లవాడు పోతే నలభై ఏళ్ల వ్యాపారం పోయినట్టే. 1986 నవంబరులో బార్‌క్లేస్ అక్కడి వాటా అమ్మేసుకుని బయటికొచ్చింది.

అసలు దెబ్బ అంతకు ముందు ఏడాదే పడింది. 1985 జూలైలో దక్షిణాఫ్రికాలో అత్యవసర పరిస్థితి పెట్టారు. వీధుల్లో కాల్పులు రోజూ టీవీల్లో కనపడుతున్నాయి. అమెరికాలో విశ్వవిద్యాలయాలు, చర్చిలు, నగర పాలక సంస్థలు, అక్కడ డబ్బు పెట్టిన కంపెనీల వాటాలు అమ్మేస్తామంటున్నాయి. ఆ నెలాఖరుకు చేజ్ మన్‌హటన్ బ్యాంకు, పాత అప్పు గడువు తీరితే కొత్తగా పొడిగించం అంది. మిగతావాళ్లూ అదే దారి పట్టారు. ఆగస్టు 15న అధ్యక్షుడు బోతా సంస్కరణలు ప్రకటిస్తాడని అందరూ చూస్తే, నేను తలవంచను అన్న ధోరణిలో మాట్లాడాడు. వాళ్ల కరెన్సీ రాండ్ విలువ కుప్పకూలింది. విదేశీ అప్పు దాదాపు 2400 కోట్ల డాలర్లు, అందులో 1400 కోట్ల దాకా స్వల్పకాలిక అప్పు. సెప్టెంబరు 1న, కట్టలేం అని చేతులెత్తేశారు. మరుసటి ఏడాది అమెరికా ఆంక్షల చట్టాన్ని అధ్యక్షుడు రీగన్ తిరస్కరిస్తే, సెనేట్ 78-21 ఓట్లతో ఆయన మాట తోసేసి చట్టం చేసింది.

బ్యాంకు దయతో ఆపలేదు, భయంతో ఆపింది. ఆ భయం పుట్టించింది అటు జొహన్నెస్‌బర్గ్ పక్కన నల్లవాళ్లుండే సోవెటో వీధుల్లో నిలబడ్డవాళ్లు, ఇటు గేట్ల ముందు నిలబడ్డ విద్యార్థులు. ఏ ఒక్కరు లేకపోయినా అప్పు పొడిగింపు ఆగేది కాదు.

పెన్నహోబిలం (అనంతపురం)

సార్, ఇది వివరంగా ఉంది, నా పరిశోధనకూ పనికొస్తుంది. అయితే వర్ణవివక్షను కూల్చింది ఆంక్షలే అని రాయొద్దు అక్కా. 1987 ఆగస్టులో మూడు లక్షల మంది దాకా గని కార్మికులు మూడు వారాలు సమ్మె చేశారు. అంగోలాలో దక్షిణాఫ్రికా చేసిన యుద్ధం ఖర్చు ఉంది, ప్రచ్ఛన్న యుద్ధం ముగియడం ఉంది. ఇన్ని కలిస్తేనే 1990 ఫిబ్రవరి 2న అధ్యక్షుడు డి క్లెర్క్ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ లాంటి సంస్థల మీద నిషేధాలు ఎత్తేశాడు.

సుంకేశుల (కర్నూలు)

నిజమే తమ్ముడూ, అట్లాగే చెప్తాను. లోపలి పోరాటమే అసలు పోరాటం. బయటివాళ్లు చేసింది ఆ ప్రభుత్వానికి ఊపిరాడకుండా చెయ్యడం. ఇంకో సంగతి, ఈ ఆంక్షలకు ముగింపు కూడా బాధితులే పలికారు. 1993 సెప్టెంబరులో మండేలా ఐక్యరాజ్యసమితికి పోయి, ఇక ఎత్తెయ్యండి అని అడిగాడు. మన దేశం 1946లో మూసిన తలుపు ఆ ఏడాదే తెరిచింది. ఇరాక్‌లో అట్లా అడగగలిగే గొంతు ఎవరిది? నాకు ఆ తేడా చాలా పెద్దదిగా కనిపిస్తోంది.

చీనీతోట (నార్పల)

అందరూ బాగా రాసినారు, అంతా సదివినా. వాళ్లే అడిగినారు అనేది ఒప్పుకుంటా. అది పెద్ద మాట. ఐనా నా ప్రశ్న సగమే తీరింది. ధర పడినప్పుడు నష్టపరిహారం అని మేము ధర్నా చేస్తాం. కొనం అన్నోళ్లు, నష్టపోయేవానికి ఏమన్నా దారి చూపినారా? చూపింటే అది చెప్పండి.

గుత్తి_లోకో (గుత్తి)

చీనీతోట అన్నా, దక్షిణాఫ్రికా ఇరుగుపొరుగు దేశాల విషయంలో చూపారు. జాంబియా, జింబాబ్వేలకు సముద్రం లేదు. రాగి, పొగాకు ఏది అమ్మాలన్నా చాలావరకు దక్షిణాఫ్రికా రైలెక్కి ఆ రేవులకే పోవాలి. ఆంక్షలు అనగానే దక్షిణాఫ్రికా వాళ్ల గొంతు మీద కాలు పెట్టేది. రొడీషియా, దక్షిణాఫ్రికా దారుల మీద ఆధారపడొద్దనే 1970ల్లో చైనా, టాంజానియా, జాంబియా కలిసి దారెస్సలాం రేవు దాకా 1860 కిలోమీటర్ల రైలు మార్గం వేసుకున్నాయి. మొజాంబిక్ బైరా రేవుకు పోయే లైనును తిరుగుబాటుదారులు పేలుస్తుంటే జింబాబ్వే సైనికులు పట్టాల వెంట కాపలా కాశారు. పట్టాల మీద పని చేసినవాడికి తెలుస్తుంది అదెంత కష్టమో. 1986లో హరారేలో అలీన దేశాల సభ జరిగినప్పుడు, దెబ్బతినే ఈ దేశాలకు సాయంగా ఆఫ్రికా నిధి పెట్టారు. ఆ కమిటీకి మన దేశమే అధ్యక్షత వహించింది.

చీనీతోట (నార్పల)

సంతోషం పెద్దాయనా. దేశాలకు నిధి పెట్టినారు, రైలు ఏసినారు. తోటలో కోత కోసే ఆయమ్మకు ఎవరు పెట్టినారు? ఈ మాట సదస్సులో ఎవరైనా అడగల్ల.

సుంకేశుల (కర్నూలు)

మీరే అడగండి అన్నా. సదస్సు తేదీ ఖాయం కాగానే ఇక్కడే పెడతాను. నార్పలనుంచి అనంతపురం వచ్చి కర్నూలు బస్సు ఎక్కితే చాలు, స్టాండు దగ్గరికి మా పిల్లలు వస్తారు. జొన్నగిరి తమ్ముడూ, ఆ రాళ్లు కూడా తెచ్చెయ్.